ఆయన కంటికి ఆనిన చోటు

మా ఇంటికి టెలిస్కోపు డోర్నకల్ నుంచి వచ్చింది. అక్కడ రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు నీటికాసులు వచ్చి చూపు సన్నగిల్లింది. ఇక తనకెందుకని దాన్ని అమ్మేద్దామనుకుంటున్నాడని మా ఆయన చెవిన పడింది. ఇద్దరం వెళ్లాం. తెల్లటి పొడవాటి గొట్టం, ముందువైపు గిన్నె మూతంత అద్దం, వెనక కన్ను పెట్టే చోట చిన్న అద్దం, మూడు కాళ్ల కర్ర స్టాండు. పెద్దాయన దాన్ని తన వరండా ముందు నిలబెట్టి, పొద్దుగూకగానే తడుముకుంటూ చందమామ మీదికి తిప్పి, ముందు నన్నే చూడమన్నాడు. చందమామ అంచు పొడవునా గుంటలు, ఆ గుంటల్లో నల్లటి నీడలు. అంచుకు సన్నగా ఊదారంగు అంటుకుని ఉంది. ఇలాంటి అద్దాలకు ఆ రంగు ఒక లోపమని ఆయనే చెప్పాడు. నాకైతే అదే నచ్చింది.

వరంగల్ దాకా రైల్లో, అక్కణ్నుంచి భూపాలపల్లి బస్సులో తెచ్చుకున్నాం. బస్సులో నాకు సీటు దొరకలేదు గానీ, దుప్పట్లో చుట్టిన ఆ గొట్టానికి దొరికింది.

మా ఆయన బొగ్గుబాయిలో పంపుల దగ్గర పనిచేసేవాడు. మా దగ్గర గనిని బాయి అనే అంటారు. ఆయనది మహబూబాబాద్ దగ్గర తండా, ఇంట్లో లంబాడీ మాట్లాడే కుటుంబం. మాది జనగామలో బట్టల దుకాణం. నేను దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా భూపాలపల్లికి వచ్చినప్పుడు పరిచయమై, మా ఇంట్లో ఒప్పుకోకపోయినా పెళ్లి చేసుకున్నాం. పిల్లలు కలగలేదు. రెండు గదుల ఇల్లు కట్టుకుని, మిద్దె మీద రేకుల గది ఒకటి వేసుకున్నాం. టెలిస్కోపు అందులో ఉండేది.

చుక్కలంటే ఆయనకు అంత ఇష్టం ఎందుకో పెళ్లైన కొత్తలోనే చెప్పాడు. చిన్నప్పటి నుంచీ దూరం ఆనేది కాదట. హాస్టల్లో ఉన్నప్పుడు నల్లబల్ల కనబడటం లేదని సారు కనిపెట్టి దవాఖానకు తీసుకెళ్తే అద్దాలిచ్చారు. ఆ రోజు సాయంత్రం హాస్టల్ మైదానంలో తల పైకెత్తితే ఆకాశం నిండా సూది మొనల్లా చుక్కలు. అన్నాళ్లూ అందరూ చుక్కలు చుక్కలంటుంటే తనకు తెలిసిన మసక వెలుగునే అంటున్నారేమో అనుకున్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఎప్పుడూ కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు.

ఫస్టు షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, చాయ్ తాగి, చీకటి పడగానే మిద్దెక్కేవాడు. ఆ టెలిస్కోపుతో పెద్ద తతంగం ఉండదు. మూత తీసి కన్ను పెడితే చాలు. థర్మల్ ప్లాంటు దీపాల వల్ల ఒకవైపు ఆకాశం ఎప్పుడూ తెల్లబారి ఉండేది గానీ, మిగతా వైపంతా మాదే. గురుడు, పక్కన వరుసగా నాలుగు చుక్కలు. వాటిలో ఒకటి నిన్న ఇటువైపు ఉండి ఇవాళ అటువైపు ఉండటం. శని, దాని చుట్టూ వలయం. మొదటిసారి చూసినప్పుడు ఎవరో గొట్టంలో బొమ్మ అతికించారనుకున్నాను. చలికాలంలో కృత్తికలు. మా దగ్గర వాటిని పిల్లలకోడి అంటారు. మామూలు కంటికి గుప్పెడు, అద్దంలో చూస్తే దోసెడు.

మా కొట్లాటంతా ఒక్కదాని గురించే. ఆయన కళ్లద్దాలు తీసేసి చూసేవాడు. ఆయన కంటికి స్పష్టంగా ఉండాలంటే వెనక మర తిప్పి, కన్ను పెట్టే చిన్న గొట్టాన్ని లోపలికి జరపాలి. నా కంటికి కొంచెం బయటికి ఉండాలి. నేను చూసి తప్పుకుంటే ఆయనకు మసక, ఆయన చూసి తప్పుకుంటే నాకు మసక. మాటిమాటికీ వెతుక్కోవడం ఎందుకని, ఆయన కంటికి ఆనిన చోట గొట్టం మీద నా గోళ్ల రంగుతో ఎర్రటి గీత పెట్టాను. నా పని అయ్యాక గీత దాకా తిప్పి ఇచ్చేదాన్ని.

చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం షిఫ్టు నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని ఛాతీ పట్టుకున్నాడట. పక్కింటివాళ్లు ఆటోలో తెచ్చారు. తెచ్చింది నేను పనిచేసే దవాఖానకే. మైక్రోస్కోపులో కన్ను పెట్టి ఎవరిదో రక్తం చూస్తున్నాను. సిస్టర్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. నేను తల ఎత్తేలోపే అంతా అయిపోయింది.

జనగామ నుంచి మా అన్న వచ్చాడు. అన్నేళ్ల తర్వాత మా ఇంట్లో అడుగుపెట్టి, ఇంటికి వచ్చెయ్యమన్నాడు. నేను రానన్నాను. తండా నుంచి మా అత్తమ్మ ఒక్క సంచితో వచ్చి ఉండిపోయింది. ఆమెను ఆయన యాడి అని పిలిచేవాడు. వాళ్ల భాషలో అమ్మ అని. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఇద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. నాతో తెలుగులో మాట్లాడేది, ఒంటరిగా ఉన్నప్పుడు తన భాషలో తనలో తానే గొణుక్కునేది. మోకాళ్ల నొప్పులని గడప దాటడానికి కూడా గోడ పట్టుకునేది. మిద్దె మెట్ల వైపు వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

ఎండాకాలం ముదిరాక ఒక సాయంత్రం ధైర్యం చేసి టెలిస్కోపును బయటికి తెచ్చాను. మూత తీసి చందమామ మీదికి తిప్పి కన్ను పెట్టాను. పాలు ఒలికినట్టు మసక. గొట్టం గీత దగ్గరే ఉంది. చివరిసారి చూసింది ఆయనే. మర మీద వేళ్లు పెట్టాను గానీ తిప్పలేకపోయాను. తిప్పితే ఆయన చూపు అక్కణ్నుంచి పోతుందనిపించింది. ఆ మసకనే చాలాసేపు చూసి మూత పెట్టేశాను. తర్వాత చాలా రోజులు అంతే. సాయంత్రం వెళ్లడం, ఆయన చూసినంత దూరంలో గొట్టాన్ని ఉంచి, నాకేమీ కనబడని ఆకాశాన్ని చూసి దిగిరావడం.

వానలు తగ్గాక ఆకాశం కడిగినట్టు అయింది. ఆ రోజు శని పైకొచ్చి ఉన్నాడు. నా ప్రమేయం లేకుండానే చెయ్యి మర తిప్పింది. శని నిలిచాడు. వలయం దాదాపు లేదు. ఆ ఏడు అది మనకు పక్కవాటుగా తిరిగి, గీసిన గీతలా సన్నబడిపోయింది. ఆయన ఉన్నప్పుడు గిన్నె చుట్టూ పళ్లెంలా ఉండేది. స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. గొట్టాన్ని నా కంటికి ఆనిన చోటే వదిలేసి దిగాను.

ఆ తర్వాతి వారం దవాఖానలో రెండో షిఫ్టు. మధ్యాహ్నం వెళ్తే తిరిగి వచ్చేసరికి యాడి పడుకుని ఉండేది. సెలవు రోజు సాయంత్రం మిద్దెక్కి కన్ను పెడితే మళ్లీ మసక. గొట్టం జరిగి, సరిగ్గా ఎర్రగీత దగ్గర ఆగి ఉంది.

మరిచిపోయి నేనే జరిపానేమో అనుకున్నాను. మళ్లీ నా చోటికి తిప్పి, ఈసారి గుర్తుపెట్టుకుని దిగాను. మళ్లీ రెండో షిఫ్టు వారం వచ్చింది, పోయింది. మళ్లీ గీత దగ్గరే. ఇంటి తాళం నా దగ్గర, యాడి దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. ఆ గీత సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ల్యాబులో నాతో పనిచేసే అక్కకు చెప్పాను.

"ఒక్కదానివి గట్ల మిద్దె మీదికి పోకు," అంది. "ఆయిన పానం గాడ్నే తిరుగుతున్నట్టుంది."

నాకు భయం వేయాలి. వేయలేదు. ఆ రోజు నుంచి మిద్దె మీదికి వెళ్లేముందు తల దువ్వుకుని జడ వేసుకునేదాన్ని. గొట్టాన్ని కావాలనే నా చోటికి తిప్పి వదిలి, మళ్లీ ఎప్పుడు జరుగుతుందా అని ఎదురుచూసేదాన్ని. మనసులో మాటలు పైకే అనేదాన్ని, ఎవరో వింటున్నట్టు. ఒకరోజు ఆయన కళ్లద్దాలు తెచ్చి స్టూలు మీద పెట్టాను. వారం తర్వాత అవి స్టూలు మీద లేవు. మడిచి డబ్బాలో పెట్టి ఉన్నాయి, ఆయన పెట్టినట్టే. ఆ డబ్బా చేతిలో పట్టుకుని రేకుల గదిలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఒక సాయంత్రం దవాఖానలో మిషను చెడిపోయి, నన్ను తొందరగా ఇంటికి పంపారు. అప్పుడే చీకటి పడుతోంది. ఇంట్లో యాడి లేదు. మిద్దె మీద నుంచి మాటలు వినబడ్డాయి. చెప్పులు విప్పకుండానే మెట్లెక్కాను.

యాడి రేకుల గది గుమ్మంలో స్టూలు మీద కూర్చుని ఉంది. తన మందపాటి కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఒక చేత్తో మర పట్టుకుని, కన్ను గొట్టానికి ఆనించి, తన భాషలో మెల్లగా ఏదో చెబుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. కళ్లద్దాలు పెట్టుకుని, మోకాళ్లు పట్టుకుని లేవబోయింది. కూర్చోమన్నాను. ఎన్నాళ్ల నుంచి వస్తున్నావని అడిగాను. నేను రెండో షిఫ్టుకు పోయినప్పుడల్లా, ఒక్కో మెట్టూ కూర్చుంటూ కూర్చుంటూ వస్తోందట.

"వాడు రోజూ ఏం సూస్తుండెనో నేను గూడ సూద్దామనుకున్న," అంది. "ముందుగాల అంత మసకుండె. మసక పోయేదాక తిప్పిన."

వంగి చూశాను. గొట్టం ఎర్రగీత దగ్గర ఆగి ఉంది.

ల్యాబులో షిఫ్టు మారినప్పుడల్లా మైక్రోస్కోపు మర తిప్పుకునేదాన్ని నేను. ఎవరి కన్ను వాళ్లదని నాకు తెలియదా. కొడుక్కి ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఒక్కరోజూ తట్టలేదు. యాడి వేలు పట్టుకుని గీత మీద పెట్టి, ఇది ఆయన కళ్ల కోసం నేను పెట్టిన గుర్తని చెప్పాను. ఆమె ఆ గీతను గోటితో తడిమి తడిమి చూసింది.

"అయితే వాడు సూసింది నా కండ్లతోటే," అంది.

ఇద్దరం అక్కడే కూర్చున్నాం. దయ్యం లేదని తెలిసినందుకు నాకు ఊరట కలగలేదు. నిజం చెప్పాలంటే, ఆయన రెండోసారి పోయినట్టైంది. అప్పుడు యాడి ఇంకో మాట చెప్పింది. ఆమెకు అద్దాలొచ్చింది తల నెరిసినాక, కొడుకు కంటి క్యాంపుకు తీసుకెళ్తేనే. అప్పటికి చీకటి పడగానే పడుకునే వయసొచ్చింది. చిన్నప్పుడు తండాలో అందరూ వాకిట్లో పడుకుని అదిగో పిల్లలకోడి అని చూపిస్తుంటే, తనకు ఏమీ కనబడకపోయినా కనబడిందని తలూపేదట. చుక్కను చుక్కగా మొదటిసారి చూసింది ఈ గొట్టంలోనేనంది. కొడుకుతో కూడా ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదట.

ఆ చలికాలమంతా ఇద్దరం కలిసి చూశాం. నేను చేయి పట్టుకుని మెట్లెక్కించేదాన్ని. ఆమె చూశాక నా చోటికి, నేను చూశాక గీత దగ్గరికి, మర మళ్లీ అటూ ఇటూ తిరగడం మొదలైంది.

కొన్నాళ్లకు గీత దగ్గర పెట్టినా ఆమెకు మసకే అయింది. కళ్లలో శుక్లాలు ముదిరాయన్నారు. ఆపరేషన్ తమవాళ్లకు దగ్గర్లోనే చేయించుకుంటానంటే మహబూబాబాద్ తీసుకెళ్లాను. డాక్టరు పరీక్ష చేసి, కంట్లో పెట్టే అద్దంతో దూరపుచూపు కూడా సరిచేయొచ్చని, లేదా దగ్గరచూపు ఇప్పటిలాగే ఉంచొచ్చని, ఏది కావాలో అడిగాడు. దూరం అనే అంటారు ఎవరైనా. నాకు మాత్రం ఇప్పటిలాగే ఉంచండి అందామని గొంతు దాకా వచ్చింది. ఆ చూపు ఇంకెవరికీ లేదు.

బయట బల్ల మీద కూర్చోబెట్టి యాడికి ఉన్నదున్నట్టు చెప్పాను, నా మనసులో మాటతో సహా. ఆమె నా చేతిని తన ఒళ్లోకి తీసుకుంది.

"వాని సూపు వానితోని పోయింది బిడ్డా. గిన్నేండ్లు ఉత్తగ తలూపిన. జర నన్ను గూడ సూడనియ్యి."

దూరపుచూపే పెట్టించాను.

కట్టు విప్పి, మందులు వేసే రోజులు గడిచాక, ఒక సాయంత్రం ఇంటి ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మిద్దె ఎక్కనవసరం లేదు. ఆమె తల పైకెత్తి ఉత్త కళ్లతో చూసింది. పిల్లలకోడి ఎక్కడని అడిగింది. చూపించాను. ఈసారి తల ఊపలేదు. చూస్తూ, వేలితో గాలిలో ఒక్కొక్క పిల్లనూ ముట్టుకుంటూ పోయింది.

ఇప్పుడు టెలిస్కోపులో ఇద్దరికీ ఒకే చోట ఆనుతోంది. మర తిప్పే పని లేదు. ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఎప్పుడైనా చెయ్యి గీత దాకా తిప్పబోతుంది, ఆపుకుంటాను. కొన్నిసార్లు ఆపుకోలేను.

యాడి మాత్రం మాట్లాడటం మానలేదు. గొట్టానికి కన్ను ఆనించి తన భాషలో చెబుతూనే ఉంటుంది. వినీ వినీ నాకూ కొన్ని మాటలు తెలుస్తున్నాయి. ఇవాళ ఏం వండామో, తండాలో ఎవరి మేక ఈనిందో, అలాంటివే. మొన్న ఆ మాటల మధ్యలో నా పేరు వినబడింది. తర్వాత చాలాసేపు ఏదో చెప్పింది. అందులో ఒక్క ముక్క కూడా నాకు అర్థం కాలేదు. ఏం చెప్పావని అడగలేదు. ఆమె లేచాక వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. కంటి దగ్గరి అద్దం మీద ఆమె ఊపిరి ఇంకా ఆవిరిగా ఉంది. అది పోయేదాకా ఆగాను.