దారి అడిగిన రత్నక్క

నిన్న పొద్దున వాట్సాప్‌లో "రత్నక్క ఇక లేదు" అన్న మెసేజ్ చూసి, ఎవరో తప్పు పెట్టారని ఒళ్ళు మండి తన నంబర్‌కే ఫోన్ చేశాను.

ఎత్తింది వాళ్ళమ్మ. ఏడుస్తోంది.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

మా ఇద్దరివీ వీల్‌చెయిర్ బతుకులు. బెంగళూరు కల్యాణమంటపాల్లో చాలావాటికి భోజనాల హాల్ బేస్‌మెంట్‌లోనే ఉంటుంది. పెళ్ళిలో అందరూ మెట్లు దిగి బంతికి వెళ్తే, మాకు మాత్రం పైన ఖాళీ కుర్చీల మధ్యకి ప్లేట్ వచ్చేది.

ఎత్తి దించుతామని కొందరు ముందుకొచ్చేవాళ్ళు. రత్నక్క ఒప్పుకునేది కాదు.

"నేనేం బియ్యం మూటనా అప్పా, ఎత్తేదానికి? నాకు దారి కావాల."

బస్సుల కోసం, ఆఫీసుల కోసం కూడా పోరాడింది. కానీ పెళ్ళి భోజనం దగ్గర తన పట్టు వేరు. "మనవాళ్ళే పక్కన కూర్చోబెట్టుకోకుంటే ఇంక సర్కారు హక్కులిచ్చి ఏం లాభం?" అనేది.

మాలాంటి ఆడవాళ్ళని పోగేసి కాటన్‌పేటలో ఛత్రాల చుట్టూ, అంటే కల్యాణమంటపాల చుట్టూ తిప్పింది. పోరు పడలేక ఒక ఓనర్ ర్యాంప్ కట్టించి, ఓపెనింగ్‌కి మమ్మల్నే భోజనానికి పిలిచాడు.

వెళ్ళి చూద్దుము కదా, ర్యాంప్ నడుమ బూడిదగుమ్మడికాయ పగలగొట్టి ఉంది! చక్రం పెడితే సర్రున జారుతోంది.

"దిష్టి తగలగూడదని కదక్కా," అన్నాడు పాపం.

"దిష్టి సంగతి దేవుడెరుగు. మేము పోయి గోడకి కొట్టుకుంటాము కదప్పా!"

పడీపడీ నవ్వాం. ఆయనే చీపురు పట్టి కడిగాడు.

ఆ రోజు తన పక్కన బంతిలో కూర్చున్నాను. వడ్డించేవాళ్ళు వరసగా వస్తూ నా ఆకు ముందు కూడా ఆగి "ఇంకొంచెం వేయనా?" అని అడిగారు. ఎంత బాగుందో చెప్పలేను. ఇంకొక్కసారి అలా తన పక్కన కూర్చోవాలని ప్రాణం లాగుతోంది.

నిన్న మధ్యాహ్నం మేమంతా యలహంకలో వాళ్ళన్న ఇంటికి వెళ్ళాం. తనని అక్కడే ఉంచారు. ఇల్లు మేడ మీద. ఇరుకు మెట్లు. ముఖం చూడకుండానే పంపించాలేమోనని వీధిలో ఏడుస్తూ ఉండిపోయాం. ఎవరో మమ్మల్ని ఎత్తుకెళ్తామని వచ్చారు.

పైనుంచి వాళ్ళమ్మ గొంతు వినపడింది.

"వాళ్ళని ఎత్తొద్దండప్పా. నా బిడ్డకి అది నచ్చదు. దాన్నే కిందికి తెండి."

తెచ్చారు. వీధిలో, మా అందరి మధ్య పడుకోబెట్టారు.

ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

రత్నక్కా, ఇక ఎవరితోనూ పోట్లాడక్కర్లేదు. హాయిగా, ప్రశాంతంగా ఉండు.

నాకు మాత్రం నువ్వే కావాలి.