ఆడని ఆటకు కప్పు

మా కాలేజీలో ఆడపిల్లల ఆటలు జరపాలా వద్దా అని తేల్చడానికి ఆ ఏడు ఏడుగురు పెద్దమనుషులు శ్రావణం నుంచి కార్తీకం దాకా కూర్చున్నారు. నా పెళ్లి తేల్చడానికి మా నాయనకు ఒక గ్లాసు కాఫీ సరిపోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అది యాభై ఏడో సంవత్సరం. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయి ఏడాది కూడా కాలేదు. మంత్రులూ ఫైళ్లూ వెళ్లిపోయాయి గానీ, వాళ్లను చూసి నేర్చుకున్న వేషాలు మా ఊరి పెద్దమనుషులకు అట్లాగే ఉండిపోయాయి. ఏ చిన్న పనికైనా కమిటీ వేయాలి. కమిటీకి ఒక అధ్యక్షుడుండాలి. ఆయన ముందు హోటలు నుంచి తెప్పించిన ఉగ్గాని, బజ్జీలుండాలి. ఆ ఎండాకాలం చివర మద్రాసు వైపు నుంచి ఫ్లూ జ్వరం ఊళ్లోకి దిగింది. ఇంటికి ఇద్దరు ముగ్గురు మంచాన పడ్డారు. పెద్దాసుపత్రిలో పోసే ఎర్రమందు కోసం జనం సీసాలు పట్టుకుని వరసలో నిలబడేవారు. బజారులో నీలగిరి తైలం దొరకలేదు. మా కాలేజీవాళ్లకు మాత్రం కమిటీ వేయడానికి ఒక సాకు దొరికింది.

నేను అప్పుడు బి.ఏ. చదువుతున్నాను. కాలేజీ మొత్తం మీద మేము ఆడపిల్లలం పట్టుమని పదిమంది లేము. మాకంటూ ఉన్నది ఒకే ఒక ఆట, టెన్నికాయిట్. రబ్బరు రింగును నెట్టు మీదుగా విసరాలి, అవతలివాళ్లు విసిరింది నేల తాకకముందే పట్టుకుని మళ్లీ విసరాలి. చూసేవాళ్లకు అదేం ఆట అనిపిస్తుంది. నాకు మాత్రం ఆ ఆటంటే ప్రాణం. నా జోడీ ఒక సాయిబుల పిల్ల. పాత కోట వైపు నుంచి పరదా కట్టిన జట్కాలో వచ్చేది. బురఖా తీసి నెట్టు కట్టిన గుంజకు తగిలించిందంటే ఇక ఆ పిల్ల చేతికి అడ్డం లేదు. వాళ్ల నాయన అత్తరు, సుర్మా అమ్మేవాడు. అందువల్ల మా రింగు కూడా ఎప్పుడూ మల్లెపూల అత్తరు వాసన వేసేది.

ఆ ఏడు కడప కాలేజీ ఆడపిల్లలు మా ఊరికి వచ్చి మాతో ఆడాలని ముందే అనుకున్నారు. బయటి ఊరి వాళ్లు మా మీద ఆడటం అదే మొదలు. నా కోరికల్లా ఒక్కటే. ముఖం తెలియని పిల్లతో, సున్నం గీతలు గీసిన కోర్టులో, నలుగురూ చూస్తుండగా, ఒక్క ఆట నిజంగా ఆడాలి. గెలుపు సంగతి తర్వాత.

ఎందుకంటే నాకు పెద్దగా గడువు లేదు. కడపలో ఉన్న మా మేనత్త కొడుకుకు నన్నివ్వాలని నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడే మాట్లాడుకున్నారట. ఆ అబ్బాయి మీద నాకు ప్రత్యేకంగా కోపమూ లేదు, ఇష్టమూ లేదు. చిన్నప్పుడు ఊరగాయ జాడీ తాను పగలగొట్టి నా మీద చెప్పినవాడిగా మాత్రమే గుర్తు. శ్రావణంలోనే పెళ్లి చేసేవాళ్లు. అయితే మా ప్రిన్సిపాల్ ఒకరోజు మా నాయన చెనిక్కాయల మండీ దగ్గర ఆగి, నలుగురు వ్యాపారుల ముందు, "ఆటలయ్యేదాకా పిల్లను ఆపండి, కడపవాళ్ల మీద నిలబెట్టడానికి మాకు వేరే దిక్కు లేదు" అన్నాడు. మా నాయన పొంగిపోయి సరేనని మాటిచ్చేశాడు. మా నాయన మగవాళ్లకిచ్చిన మాట ఎప్పుడూ తప్పలేదు. ఇంట్లో ఆడవాళ్లకిచ్చిన మాటలు ఆయన లెక్కలోకి రావు.

అట్లా నా పెళ్లి కాలేజీ నోటీసు బోర్డుకు ముడిపడింది. ఆటలు వాయిదా పడినన్నాళ్లూ నేను కాలేజీలో ఉంటాను. ఆటలు జరిగితే ఆడి వెళ్తాను. అసలు ఆటలే లేవంటే మాత్రం రెండూ పోతాయి. పొద్దున్నే కాలేజీకి వెళ్లగానే ముందు బోర్డు దగ్గరికే నడిచేదాన్ని.

ఇక కమిటీ. ప్రిన్సిపాల్, వార్డెను, డ్రిల్లు మాస్టరు, మరో నలుగురు లెక్చరర్లు. జ్వరం గాలిలో వస్తుందని ఎవరో చెప్పారట. అందుకని కిటికీలన్నీ బిగించుకుని ఆ చిన్న గదిలో ఏడుగురూ మోకాళ్లు తగిలేట్టు కూర్చుని, ఒకరి మీద ఒకరు దగ్గుకుంటూ, బయట మైదానంలో గుంపు చేరితే ప్రమాదమా కాదా అని గంటల తరబడి చర్చించేవారు. ఆరుబయట నెట్టుకు అటొకరు ఇటొకరు నిలబడి ఆడే ఆట అది. ప్రిన్సిపాల్ జేబురుమాలులో కర్పూరం బిళ్ల కట్టుకుని మాటకొకసారి వాసన చూసేవాడు. డ్రిల్లు మాస్టరు ఎవరు చివర మాట్లాడితే వాళ్ల మాటే తన మాట అనేవాడు. నేనూ నా జోడీ పక్క గదిలో రింగులు వెతుకుతున్నట్టు నటిస్తూ అంతా వినేవాళ్లం.

"ఆటలు పెట్టకపోతే యూనివర్సిటీవాళ్లు ఏమనుకుంటారో!" అని ఒక గొంతు.

"పెడితే, రేపు ఎవరికైనా ఏమైనా అయితే?" అని ఇంకొక గొంతు.

"అదీ నిజమే సార్," అని డ్రిల్లు మాస్టరు, రెండింటికీ.

నా జోడీ నా చెవిలో, "ఈళ్లకు పెండ్లిళ్లు ఎట్లయినాయే? తాళి కట్టల్లనా వద్దా అని ఎన్ని దినాలు కూర్చోనుంటారో!" అంది. నవ్వు ఆపుకోలేక అలమర వెనక నక్కాం.

శ్రావణంలో అన్నది వినాయక చవితి తర్వాత అన్నారు. చవితి పోయాక దసరా తర్వాత అన్నారు. ఈ మధ్యలో వాళ్లు ఏకగ్రీవంగా తేల్చింది ఒక్కటే, కప్పు. ఆడపిల్లల టెన్నికాయిట్‌కు వెండి పూత కప్పు ఒకటి మద్రాసు నుంచి తెప్పించి, ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువాలో పెట్టారు. వచ్చినవాళ్లందరికీ చూపించుకునేవారు. ఆట ఉంటుందో లేదో తెలియదు గానీ కప్పు మాత్రం తళతళలాడుతూ ఉండేది.

వాయిదా పడినప్పుడల్లా మా మామ, అంటే మేనత్త భర్త, కడప నుంచి బస్సు దిగేవాడు. "ఏమప్పా, ఇంగెప్పుడు?" అని మా నాయనను అడిగేవాడు. "ఆటలు కానీ బావా. ప్రిన్సిపాలుకు మాటిచ్చినా," అని మా నాయన మీసం దువ్వేవాడు. మామ ఒక రాత్రి పడుకుని, మా అమ్మ దారిలో తినడానికి కట్టిచ్చిన ఓలిగలు పట్టుకుని వెళ్లిపోయేవాడు. నాకు లోపల సంతోషమే. ఆ ఏడుగురి పిరికితనం నాకు నెలకు నెల అరువిస్తోంది. అంత పనికిమాలినవాళ్ల దయ మీద బతుకుతున్నందుకు సిగ్గుగా కూడా ఉండేది.

దసరా తర్వాత జ్వరం రెండో విడత తిరగబెట్టింది. మా ఇంట్లో నాయన, ఇద్దరు అన్నలు వరసగా పడ్డారు. మిరియాల కషాయం కాచింది, తడిగుడ్డలు వేసింది, వాంతులు ఎత్తిపోసింది మా అమ్మా నేనూ. మా వీధిలో ఏ ఇంట్లో చూసినా అదే కథ. మగవాళ్లు పడుకున్నారు, ఆడవాళ్లు తిరిగారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, కార్తీకంలో ఒక పొద్దున బోర్డు మీద కమిటీ నిర్ణయం కనబడింది. మగపిల్లల ఆటలన్నీ యథాతథంగా జరుగుతాయి. ఆడపిల్లలు సుకుమారులు గనుక, వాళ్ల ఆరోగ్యం దృష్ట్యా వాళ్ల ఆటలు రద్దు. నాలుగు నెలలు ఉగ్గాని తిని వీళ్లు కనిపెట్టింది ఇదీ!

ఇంటికి వచ్చేసరికి మామ వసారాలో కూర్చుని ఉన్నాడు. మా అమ్మ కాఫీ గ్లాసులు నా చేతికిచ్చింది. నేను అందిస్తుంటే నాయన అడిగాడు.

"ఏమ్మా, ఆటల సంగతేమన్నా తేలినాదా?"

"మగపిల్లోళ్లకు ఉండాయంట నాయనా. మాకు లేవంట."

"అట్లనా." ఒక గుక్క తాగి మామ వైపు తిరిగాడు. "బావా, ఇంగ నా మాట చెల్లిపోయినట్లే. ఎప్పుడు పెట్టుకుందాం?"

"ఈ మాసంలోనే మంచిది ఉండాదప్పా."

"అట్లే కానీ."

"నాయనా, చదువు ఈ ఒక్క ఏడు..." అని నేను మొదలుపెట్టాను.

"ఖాళీ గ్లాసులు తీసుకపోమ్మా," అన్నాడు నాయన. గ్లాసు అడుగు ఇంకా వెచ్చగానే ఉంది.

పెళ్లి మా ఇంటి ముందే. వీధికి అడ్డంగా పందిరి వేశారు. కర్నూలు నుంచి సగం, కడప నుంచి సగం, బళ్ల మీద, బస్సుల మీద చుట్టాలు దిగారు. కొందరికి జ్వరం తగ్గి రెండు రోజులు కూడా కాలేదు. తువ్వాలుతో ముక్కులు తుడుచుకుంటూనే బంతుల్లో భుజం భుజం రాసుకుని కూర్చుని పాయసం జుర్రారు. ముందు వరసలో, కుర్చీలో, చేతిలో కర్పూరం రుమాలుతో మా ప్రిన్సిపాల్. మైదానంలో నలుగురు ఆడపిల్లలు చేరితే ప్రమాదమన్న మనిషి ఆయనే.

అక్షింతలు వేయడానికి దగ్గరికి వచ్చినప్పుడు తల వంచుకునే అడిగాను. "ఇంతమంది ఒక్కచోట చేరొచ్చునా సార్?"

ఆయన గట్టిగా నవ్వాడు. "శుభకార్యానికి దోషం లేదమ్మా!"

తర్వాత ప్యూను చేతిలోంచి ఒక పొట్లం తీసుకుని విప్పాడు. అదే కప్పు. "ఎట్లాగూ బీరువాలో ఊరికే ఉండాది. నువ్వు ఆడింటే గెలిచేదానివే గదా," అని అందరికీ కనబడేట్టు పైకెత్తి నా ఒళ్లో పెట్టాడు. పందిరంతా చప్పట్లు. మా నాయన కళ్లు చెమర్చాయి. కాలేజీ సొత్తుతో కట్నం చదివించి చేతులు దులుపుకున్న ఆ తెలివికి నాకు అసహ్యం వేసింది. విసిరి కొట్టాలనిపించింది. బాసికం కట్టిన పెళ్లికూతురు ఏం విసురుతుంది?

పెళ్లి తర్వాత వారం తిరక్కుండా వచ్చినవాళ్లలో సగం మంది మంచమెక్కారు. నా మొగుడూ ఎక్కాడు. కడపలో నా కాపురం కషాయాలతో మొదలైంది. ప్రిన్సిపాల్‌కు మాత్రం ఏమీ కాలేదని తెలిసింది. అట్లాంటివాళ్లకు ఏమీ కాదు.

మా అత్త ఆ కప్పును నడవలో గూట్లో పెట్టి, వచ్చినవాళ్లందరికీ, "మా కోడలు ఆటల్లో గెలిచినాది" అని చెప్పేది. ఎవర్ని ఓడించిందమ్మా అని వాళ్లు అడిగేవాళ్లు. నేను ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఆడనివ్వనివాళ్లకు నా గెలుపు మాత్రం కావాల్సి వచ్చింది.

ఉగాదికి పుట్టింటికి వచ్చినప్పుడు ఆ కప్పును చీరల మధ్య పెట్టి తెచ్చుకున్నాను. మర్నాడు గుడికని చెప్పి నేరుగా కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాను.

"ఇది ఆడినోళ్లకియ్యండి సార్. వచ్చే ఏడన్నా ఆడపిల్లలకు పెడతాండారు గదా?"

ఆయన కప్పును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకా ఏమీ అనుకోలేదమ్మా. పరిస్థితులు చూడల్ల గదా."

"జ్వరం పోయింది గద సార్. ఊళ్లో ఎవరికీ లేదు."

"మళ్లీ రావచ్చు. కమిటీలో పెడతాము." రుమాలు తీసి వాసన చూశాడు.

అప్పటిదాకా నాకు ఎక్కడో ఒక మూల, పాపం జ్వరానికి భయపడ్డారేమో అన్న అనుమానం ఉండేది. అది ఆ రోజుతో పోయింది. జ్వరం రాకపోయినా వీళ్లు ఇంకేదో ఒకటి వెతుక్కునేవాళ్లే. బల్ల మీది కప్పును మళ్లీ నేనే తీసుకుని బయటికి వచ్చేశాను.

నా జోడీ వరండాలో పుస్తకం ముందేసుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. నేను కప్పు చూపించి మైదానం వైపు తల ఊపాను. ఆ పిల్ల అప్పటికే బురఖా ముడి విప్పుతోంది. ఆటల గది దగ్గర డ్రిల్లు మాస్టరు అడ్డం వచ్చాడు.

"ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారా అమ్మా?"

"ఇంకా తేల్చలేదంట సార్. తేలేదాకా ఆడుకుంటాండాం," అంది నా జోడీ.

"అదీ నిజమే," అని ఆయన రింగు చేతికిచ్చాడు.

నెట్టు కట్టుకున్నాం. సున్నం గీతలు చెరిగిపోయి ఉంటే చెప్పు అంచుతో గీసుకున్నాం. చీర కొంగు నడుముకు బిగించి, మెట్టెలు తీసి నా చెప్పులో పెట్టాను. మగపిల్లలు కొందరు వరండాలో నిలబడ్డారు. ప్రిన్సిపాల్ గది కిటికీ తెరుచుకుంది. ఒక్కరూ కూతవేయలేదు, ఎవరికీ జ్వరం రాలేదు, భూమి బద్దలు కాలేదు. నాలుగు నెలల కమిటీ తేల్చలేనిదాన్ని మేమిద్దరం అరగంటలో తేల్చేశాం.

నేను ఓడిపోయాను. కషాయాలు కాచిన చేతులకు ఆట తప్పింది. ఆ పిల్ల మాత్రం నా పెళ్లి చూసి, ఆడకుండా వచ్చిన కప్పు చూసి కూడా, ఏమాత్రం జాలి చూపించకుండా ఆడింది. నాకు ఆమె ఇచ్చిన గౌరవం అదే. చివరి రింగు నా కాళ్ల దగ్గర పడి దొర్లింది. కప్పు తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను.

"నీ పెండ్లిలో ఇచ్చింది గదే?"

"గెలిచింది నువ్వు గదా, తీసుకోమ్మే."

ఆ పిల్ల బురఖా తొడుక్కుంది. కప్పును బురఖా లోపల పెట్టుకుని జట్కా ఎక్కింది. నేను మెట్టెలు తొడుక్కుని ఇంటికి వెళ్లాను.