కూలింగ్ ప్యాడ్ కింద పేరుకున్న నూలు

మా బండారులంకలో చీరకు కొత్త అంచు కావాలంటే గంగాదేవి దగ్గరికే వస్తారు. ఇదివరకు వాళ్ళ నాన్న దగ్గరికి వచ్చేవారు. ఆయన గ్రాఫు కాగితం మీద ఒక్కో గడినీ పెన్సిలుతో నింపేవాడు. ఆయన పోయాక తొమ్మిదేళ్ళుగా గంగాదేవి అదే పని ల్యాప్‌టాప్‌లో చేస్తోంది. ఆమె నింపిన గడుల ప్రకారం అమలాపురంలో అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైకి ఎక్కితేనే చీర మీద పువ్వు పడుతుంది. ముప్పై ఆరేళ్ళకే ఆమె మెడ ఒక పక్కకు వంగిపోయింది.

ఇంట్లో ఉన్నది ఒక్క కిటికీ, ఒక్క ఫ్యాను. అందుకని వాళ్ళమ్మ అచ్చాయమ్మ నేతకు నూలు కండెలు చుట్టే రాట్నం, గంగాదేవి బల్ల పక్కపక్కనే ఉంటాయి.

చలికాలం చివర్లో గంగాదేవి ఒక కూలింగ్ ప్యాడ్ కొంది. రెండు చిన్న ఫ్యాన్లున్న పలక అది. ల్యాప్‌టాప్ కింద పెడితే కిందనుంచి గాలి లాగి పైకి కొడుతుంది. మొదట్లో బాగానే పనిచేసింది. రోహిణి కార్తె వచ్చేసరికి, పావుగంటకోసారి ల్యాప్‌టాప్ పెనంలా కాలి దానంతటదే ఆగిపోవడం మొదలైంది.

బుధవారం మధ్యాహ్నం నేత నేసే అబ్బులు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"రుద్రాక్షల అంచు అయిందా గంగమ్మా?"

"సగమయింది బాబాయ్. వేడెక్కి ఆగిపోతోంది."

"పైనో ఫ్యాను, కిందో ఫ్యాను. ఇంకా వేడేంటమ్మా దానికి? మాకు మగ్గం కాడ ఒక్కటి వేసుకుందామన్నా పోగులు ఎగిరిపోతాయి."

"ఎగతాళి చెయ్యకండి బాబాయ్."

"ఎగతాళి కాదమ్మా. మగ్గానికి పడుగు నూలు ఎక్కించి నాలుగు రోజులైంది. అట్టలు కొట్టే ఆయన రేపు సాయంత్రం దాకానే ఉంటాడంట. మళ్ళీ పది రోజులకి గానీ రాడు. అప్పటిదాకా నన్నేం చెయ్యమంటావు, ఇక్కడే కూర్చుని దీనికి విసనకర్రతో విసరమంటావా?"

అచ్చాయమ్మ నవ్వబోయి దగ్గింది.

అబ్బులు వెళ్ళాక గంగాదేవి రెండు వరుసలు నింపింది. మూడోది నింపుతుండగా తెర నల్లబడింది.  ఆమె ప్యాడ్‌ను తీసి తిరగేసింది. ఫ్యాన్ల జాలీకి మందంగా ఏదో అంటుకుని ఉంది. గోటితో లాగితే అరచేయంత పొర ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. పైన ఆకుపచ్చ, ఈ వారం అమ్మ చుడుతున్న నూలు. దాని కింద పోయిన నెల చుట్టిన ఎరుపు. అన్నిటికన్నా అడుగున ఆవపిండి రంగు.

"అమ్మా, ఇది చూడు."

"ఏంటే, గుడ్డముక్కా?"

"నీ రాట్నం దగ్గర లేచిన నూలు. ఈ ప్యాడ్ నాలుగు నెలల్లో ఇంత పీల్చింది."

"పోన్లే, దొరికిందిగా. తుడిచేసి పని చూసుకో." మళ్ళీ దగ్గింది.

గంగాదేవి పొరనీ అమ్మనీ మార్చి మార్చి చూసింది. ప్యాడ్ ఆ చోటికి వచ్చి నాలుగు నెలలు. అమ్మ అక్కడ కూర్చోవడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు.

"ఎప్పట్నుంచమ్మా ఆ దగ్గు?"

"ఎప్పుడూ ఉన్నదే. ఏం, కొత్తగా వినపడుతోందా?"

 గంగాదేవి పాత పళ్ళ బ్రష్షుతో జాలీ శుభ్రం చేసి, బల్లను వంటగది మూలకు ఈడ్చుకుపోయింది.

"అక్కడ ఇంకా ఉడుకు కదే!" అంది అచ్చాయమ్మ.

"నూలు ఎగరదు కదా. కిటికీ గాలంతా నువ్వు తీసుకో."

చెమటకు జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది గానీ ల్యాప్‌టాప్ ఆగలేదు. గురువారం పదింటికల్లా అంచు పూర్తయింది. అబ్బులు వచ్చి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు.

"అమలాపురం ఆటోలో మేమూ వస్తాం బాబాయ్. అమ్మను డాక్టరుకి చూపించాలి."

"నేను రాను. అబ్బులికి కండెలు ఎవరు చుడతారు?" అంది అచ్చాయమ్మ.

అబ్బులు సగం నిండిన కండెల బుట్ట వైపు చూశాడు. 

"ఆయ్, అట్టలు మగ్గానికి ఎక్కించేసరికి ఎలాగూ రెండు రోజులు పడుతుంది వదినా. ఈపూటకి ఆ రాట్నం వదిలెయ్యండి."

అచ్చాయమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆన్చి మెల్లగా లేచింది. గంగాదేవి ఆ నూలు పొరను కాగితంలో మడిచి సంచిలో పెట్టుకుంది, డాక్టరుకి చూపించడానికి.