రైలు కట్ట మీద అత్తాకోడళ్లం

మొన్న హోసూరు బస్టాండు దగ్గర షేర్ ఆటో కోసం నిలబడి ఉంటే, రెండు పక్కలా సంచులు వేలాడదీసిన గేర్ల సైకిళ్ల మీద కొందరు నడివయసు మగవాళ్లు వచ్చి టీ కొట్టు ముందు దిగారు. తలలకు హెల్మెట్లు, చేతులకు తొడుగులు, మొహాల నిండా గర్వం. ఎక్కడికని అడిగితే, పాతకాలంలో ఎత్తేసిన రైలు దారులు వెతుక్కుంటూ టూరు పోతున్నామనీ, ఈ పక్కన ఇలాంటి పని ఎవరూ చేసి ఉండరనీ ఒకాయన చెప్పాడు. నాకు నవ్వు ఆగలేదు. నాయనా, ఆ పని మేము ఎప్పుడో చీరలు కట్టుకొని, గుమ్మడికాయతో సహా చేశామని చెప్పేలోగా ఆటో వచ్చేసింది. ఆయనకు చెప్పలేకపోయింది మీకైనా చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

అప్పటికి నేను పెళ్లయి హోసూరు వచ్చి, మోటారు సామాన్లు చేసే ఫ్యాక్టరీలో కొత్తగా పనికి చేరాను. డ్యూటీకి లేడీస్ సైకిలు మీద పోతుంటే వీధి వీధంతా పని మానుకొని చూసేది. మా అత్త గొర్రెలు మేపుకున్న ఇంట్లో పుట్టిన మనిషి. మొదట్లో మూతి ముడిచేది, ఆ తర్వాత నేను ఇంటికి రాగానే వచ్చి ఒకసారి బెల్లు కొట్టి పోయేది, ఆ పైన ఒక ఆదివారం కుచ్చెళ్లు ఎగదోపుకొని, పట్టుకోమ్మా చూస్తాం అని ఎక్కేసింది. యాభై దాటిన మనిషి! మోచేతులు దోక్కుపోయినా వదల్లేదు. ఊరంతా నవ్వుతోందని మా ఆయన గొణిగితే, నవ్వనీలేరా, వాళ్ల సొమ్మేం పోదు అనేసింది.

ఆ పట్టుదల ఎందుకో నాకు తర్వాత తెలిసింది. కృష్ణగిరికి అవతల, బర్గూరు దిక్కున ఒక పల్లెలో ఆమె అక్క ఉండేది. ఆమెను నేను పెద్దత్త అనేదాన్ని. మా అత్తకు బస్సు పడదు. డీజిలు వాసన ముక్కుకు తగిలితే చాలు, శూలగిరి రాకముందే పేగులు నోట్లోకి వచ్చేవి. ఒకసారి సగం దారిలో దిగిపోయి ఏడ్చుకుంటూ నడిచి వెనక్కి వచ్చింది. చెల్లెలికి బస్సు పడక, అక్కకు కాళ్లు సాగక, వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని పదేళ్లు అయిపోయాయి. ఆ యేడు పెద్దత్త జబ్బుపడి లేచిందనీ, తాను ఉండంగానే ఒకసారి వచ్చి మొగం చూపించి పొమ్మందనీ కబురు వచ్చింది. ఆ పూట మా అత్త ముద్ద ముట్టలేదు. మర్నాడు పొద్దున నా దగ్గరికి వచ్చి, "ఏమ్మా, నీకు ఫ్యాక్టరీ లీవు ఎప్పుడిస్తారు? సైకిల్లోనే పోతాం పద" అంది.

పెద్ద రోడ్డు మీద పోదామంటే లారీల పొగ. అందుకని దారి ఆమే చెప్పింది. మన ఈడు వాళ్లు పెద్దల నోట వినే ఉంటారు, ఒకప్పుడు ఈ సీమలో చిన్న రైళ్లు నడిచేవి. హోసూరు నుంచి కెలమంగలం, రాయకోట మీదుగా ఒకటి, కృష్ణగిరి నుంచి తిరుపత్తూరు వైపు ఇంకొకటి. యుద్ధకాలంలో పట్టాలు పీక్కుపోయారట. కట్టలు మాత్రం అక్కడక్కడా మిగిలాయి. రాయకోట దాకా ఒక కట్ట పట్టుకొని పోయి, మధ్యలో పొలాల వెంబడి కృష్ణగిరి చేరి, అక్కడ రెండో కట్ట ఎక్కితే అది తిన్నగా అక్క ఊరికే పోతుందనేది మా అత్త లెక్క.

ఆమెకు బాడుగ సైకిలు ఒకటి తెచ్చాం. ఇక చూడండి మూటలు! రాగిపిండి, ఉలవలు, చిన్న గిన్నె, రెండు కంబళ్లు, గాలి పంపు, పంక్చరు సామాను, అక్కకు కొత్త చీర, వీటన్నిటి పైన మా పెరట్లో కాసిన పెద్ద గుమ్మడికాయ. అది వద్దంటే వినలేదు, అక్కకు దాని కూర ప్రాణమట. మా ఆయన తాళ్లు బిగిస్తూ, ఇది సైకిలా గూడ్సు బండా అన్నాడు. ఎన్ని చోట్ల ఆ గుమ్మడికాయ కట్ట దిగి దొర్లిందో, దాని వెనక మేము ఎంత పరిగెత్తామో ఏం చెప్పను!

కెలమంగలం దాటాక కట్ట మీదికి ఎక్కినప్పటి సంతోషం ఇప్పటికీ ఒంట్లో ఉంది. కింద రాగి చేలు, పక్కనే కొత్తగా వేసిన పెద్ద లైను, ఎదురుగా రాయకోట గుట్ట. అటు నుంచి ప్యాసింజరు కూతపెట్టుకుంటూ వస్తే మా అత్త హ్యాండిలు ఒంటిచేత్తో పట్టుకొని ఇంకో చేత్తో కొంగు ఊపింది, పెట్టెలన్నిటి కిటికీల్లోంచి జనం చేతులు ఊపారు. ఆమె మొహం చూస్తే అత్తగారని ఎవరూ అనుకోరు. నేను పడిపోతారు పడిపోతారు అని అరుస్తూ నేనే పడ్డాను.

రాయకోటలో తెలిసినవాళ్లింట పడుకొని, పొలాల గట్ల మీద దిగుతూ ఎక్కుతూ కృష్ణగిరి చేరాం. అక్కడే మోసపోయాం. కట్టకు ఎట్ల పోవాలని అడిగితే ప్రతివాళ్లూ చక్కగా దారి చూపారు, మేమూ చక్కగా పోయాం, చెరువు కట్ట మీదికి! నీళ్ల పక్కన చల్లగా ఉందని మురిసిపోతూ ఆ చెరువును మొత్తం చుట్టి, బట్టలుతికే ఆడవాళ్ల దగ్గరికే తిరిగి వచ్చేశాం. వాళ్లు నవ్విన నవ్వు! అప్పటి నుంచి చిన్న రైలు కట్ట అని నొక్కి చెప్పి అడగడం నేర్చుకున్నాం.

అంతకన్నా పెద్ద తమాషా మరుసటి ఊళ్లో జరిగింది. మేము పోగానే వయసులో ఉన్న ఆడవాళ్లందరూ ఇళ్లలోకి దూరి తలుపులు వేసుకున్నారు. గుక్కెడు నీళ్లిచ్చే దిక్కు లేదు. చివరికి ఒక ముసలమ్మ బయటికి వచ్చి, "మా కోడలికి ఇంకా ఒకే బిడ్డమ్మా, ఇప్పుడే ఆపరేషను వద్దు, పోండి" అంది. సంచులతో సైకిలెక్కి వచ్చిన ఆడవాళ్లంటే ఆ రోజుల్లో కుటుంబ నియంత్రణ నర్సమ్మలే మరి! మా అత్తకు ఎక్కడలేని కోపం వచ్చి, "నేను మా అక్కను చూసేదానికి పోతా ఉండానమ్మా, నాకెందుకు నీ కోడలి సంగతి" అని గుమ్మడికాయ చూపించింది. దాన్ని చూశాక తలుపులన్నీ తెరుచుకున్నాయి. మజ్జిగ ఇచ్చారు, సంగటి పెట్టారు, కట్ట ఎక్కడ తెగిపోయిందో ఎక్కడ మళ్లీ మొదలవుతుందో చెప్పారు.

చివరి మైళ్లలో కట్టను దున్నేసి ఉలవలు వేశారు. సైకిళ్లు తోసుకుంటూ నడిచాం. అక్క మనిషిని గుర్తుపట్టే స్థితిలో ఉందో లేదో, అసలు ఉందో లేదో అనే భయం మా అత్తకూ ఉంది, నాకూ ఉంది, ఇద్దరం పైకి అనలేదు.

ఊరి బయట, ఒకప్పుడు రైలు ఆగే చోట, పగిలిన రాతి అరుగు ఒకటి మిగిలి ఉంది. దాని మీద చేతికర్ర పక్కన పెట్టుకొని ఒక బక్కపలచటి ముసలామె కూర్చొని ఉంది. బస్సులో వచ్చినవాళ్లు ఎవరో మేము కట్టవెంట వస్తున్నామని చెప్పారట. మా అత్త సైకిలు అక్కడే పడేసి పరిగెత్తింది.

"ఇంతసేపామే? యాడ కూలబడినావు? పొద్దున్నుంచీ ఈడే కూసోని ఉండాను" అని తిట్టింది పెద్దత్త. తిడుతూనే రెండు చేతులతో చెల్లెలి చెంపలు తడిమింది, నుదురు తడిమింది, చెవుల కమ్మలు తడిమింది, ఎంత చిక్కిపోయినావే అంది. పదేళ్లూ ఆ చేతుల్లోకి వచ్చేసినట్టు తడుముతూనే ఉంది. నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

మర్నాడు పెద్దత్త తనూ సైకిలెక్కుతానంది. క్యారియరు మీద కూర్చోబెట్టి మా అత్త తొక్కింది, నేను వెనక పట్టుకొని పరిగెత్తాను. కట్ట మీద ఆ ముసలామె చెల్లెలి నడుము గట్టిగా పట్టుకొని, చిన్నప్పుడు రైలు వెంట పరిగెత్తినప్పటి లాగా కూ అని కూత పెట్టింది. ముగ్గురం నవ్వలేక ఇసుకలో కూలబడ్డాం. అంత నవ్వు నేను జన్మలో మళ్లీ నవ్వలేదు.

ఆ తర్వాత రెండేళ్లకు పెద్దత్త పోయింది. కబురు వచ్చినప్పుడు మా అత్త చాలాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకొని, "చూసినాను లేమ్మా, చూసినాను" అంది.

ఇప్పుడు హోసూరు నుంచి కృష్ణగిరికి రోడ్డు అద్దంలా ఉంది. నాకూ ఒక అక్క ఉంది, కృష్ణగిరిలోనే ఉంటుంది, ఇద్దరి ఇళ్ల ముందూ కార్లున్నాయి, నాకు బస్సు కూడా పడుతుంది. రోజూ సాయంత్రం ఫోన్లో మొహాలు చూసుకుంటాం, అది చాల్లే అనుకొని పోవడం మానేశాం. కిందటిసారి ఏదో పెళ్లి మంటపంలో కలిస్తే భోజనాల బంతి దగ్గర రెండు మాటలు మాట్లాడుకున్నామేమో. నిన్న సాయంత్రం పన్ను నొప్పితో చెంప వాచిందని ఫోన్లో చూపించింది. ఎంత వాచిందే అంటూ నేను చెయ్యి చాచాను. వేలు ఎక్కడ తగిలిందో ఏమో, ఫోను కట్టయిపోయింది.