అక్కకు చెప్పని మాట

మా అక్క సిరిసిల్లలో మరమగ్గాలకు నూలు కండెలు చుట్టేది. రోజంతా వేళ్ళ మధ్య నూలు నడిచే మనిషి. ఆ వేళ్ళు వణకడం మొదలై, పోగు తెగితే ముడి కూడా వెయ్యలేకపోతోందని విని, నేను నస్పూర్ నుంచి వెళ్ళి ఆమెను కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నేను నర్సును. మా ఇళ్ళల్లో ఎవరికి ఏ రోగమొచ్చినా ఆఖరి మాట నాదే. దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని తేలింది. డాక్టరు కార్బిమజోల్ రాశాడు. అక్క ఇంకో పరీక్షకు రక్తం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నాతో అన్నాడు: "గొంతునొప్పి, జ్వరం వస్తే వెంటనే గోళీ ఆపి రక్తపరీక్ష చేయించాలి. ఈ మందుతో తెల్లకణాలు పడిపోవచ్చు. అరుదుగానే జరుగుతుంది, కానీ జరిగితే ప్రాణాల మీదికొస్తుంది. నువ్వు నర్సువే కదమ్మా, ఆమెకు అర్థమయ్యేలా చెప్పు."

చెప్తానన్నాను. బస్సెక్కగానే అక్క చీటీ పట్టుకొని, "గీ గోళీతోని ఏమన్న అయితదా చెల్లే?" అని అడిగింది. తలనొప్పి గోళీ మింగడానికి కూడా నలుగురిని అడిగే రకం. ఇప్పుడు తెల్లకణాలంటే అసలు మొదలే పెట్టదనిపించింది. ఏం కాదన్నాను. తర్వాత మెల్లగా చెబుదామనుకున్నాను.

ఆ మెల్లగా ఎప్పుడూ రాలేదు. పది రోజులకే అక్క గోళీలు మానేసింది. "చేతులు గట్లనే వణుకుతున్నయ్, గుండె గట్లనే కొట్టుకుంటుంది. ఉత్త దండుగ" అంది. ఆమె మానేసిన సంగతి నాకు నెలకు గానీ తెలియలేదు. అప్పటికి మనిషి సగమైంది. నేను సెలవు పెట్టి వెళ్ళి, చెడామడా తిట్టి, తర్వాత దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పాను. మెడలో ఉన్న గ్రంథి అయోడిన్‌ను ఒక ప్రోటీనుకు అతికించి హార్మోన్ తయారుచేస్తుంది. అతికించే పని ఒక ఎంజైముది. గోళీ దాని చేతులు కట్టేస్తుంది, ఇక కొత్తది తయారుకాదు. కానీ ముందే తయారై గ్రంథిలో నిల్వ ఉన్నదాన్ని గోళీ ముట్టుకోదు. అది ఖర్చయ్యేదాకా ఒంట్లోకి వస్తూనే ఉంటుంది. అందుకే గుణం కనిపించడానికి వారాలు పడుతుంది.

అక్క వెంటనే అందుకుంది. "అంటే కొత్త నూలు భీములు వచ్చుడు బందైనా, మగ్గం మీదున్న భీముకు చుట్టిన నూలు ఒడిసెదాంక బట్ట దిగుతనే ఉంటది. గంతేనా?"

గంతే. నేను చదువుకున్నదాన్ని ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. ఇంత తెలివిగల మనిషికి ఆ గొంతునొప్పి, జ్వరం సంగతి కూడా చెప్పి ఉండాల్సింది. అరగంట చెప్పాను, అది మాత్రం మింగేశాను. ఇప్పుడిప్పుడే దారికొచ్చింది, మళ్ళీ సాకు దొరుకుతుందని భయం. అంతటితో ఆగలేదు. మర్నాడు కొండగట్టుకు తీసుకెళ్ళి దేవుడి ముందు నిలబెట్టాను.

"ఒక్క నాడు గూడ ఎగ్గొట్ట. అంజన్న మీద ఒట్టు" అంది అక్క. ఆ రోజు నేను నిశ్చింతగా ఇంటికొచ్చాను.

ఈసారి వణుకు తగ్గింది. మళ్ళీ కండెలు చుడుతోంది. అయిదో వారంలో బావ ఫోన్ చేశాడు. "మీ అక్కకు నాలుగు దినాల సంది జరం. గొంతంత పుండై అన్నం దిగుతలేదు. గోళీ మాత్రం ఏడ్సుకుంట మింగుతుంది. ఒట్టేసిందట గదా."

"ఆపమను బావా, ఇప్పుడే ఆపమను! కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్ళు!" అని డ్యూటీలో ఉన్న వార్డులోనే అరిచాను. నేను కరీంనగర్ చేరేసరికి అక్కను విడిగా ఒక గదిలో ఉంచారు. తెల్లకణాలు దాదాపు లేవు. గోళీ ఆపి, సూదుల మీద సూదులు ఇచ్చారు. ఆ వారమంతా మాస్కు వెనక నేను ఏడ్చిన ఏడుపు భయంతో ఏడ్చినదని అందరూ అనుకున్నారు. అది సిగ్గు.

ఎనిమిదో రోజు కణాలు పెరిగాయి. డాక్టరు వచ్చి, కోపం ఆపుకుంటూ అక్కను అడిగాడు. "గొంతునొప్పి వస్తే గోళీ ఆపాలని నీకెవ్వరూ చెప్పలేదా?"

నేను నోరు తెరిచాను. అక్క తల తిప్పి నావైపు చూసింది. నా మొహంలో ఆమెకు అంతా కనిపించి ఉంటుంది.

"మా చెల్లె చెప్పింది సారూ," అంది. "నేనే మర్శిన."

ప్రాణమంటే ఇంత నిర్లక్ష్యమా అని డాక్టరు ఆమెను గట్టిగా కోప్పడ్డాడు. అక్క తల వంచుకొని విన్నది. నేను పక్కనే నిలబడి, ఆ తిట్లన్నీ ఆమెనే పడనిచ్చాను.