అత్త వండిపెట్టిన చదువులు

పక్కింటి భూమయ్య చలికాలం పొద్దున్నే వేపాకులు ఊడ్చి, సందు మొగదల కుప్పపెట్టి అంటిస్తాడు. పొగ నేరుగా మా వరండాలోకి వస్తుంది. మా మనవరాలు దగ్గుతూ కిటికీలు మూస్తుంది. నేను వెనకే పోయి తెరుస్తాను. ఆ పిల్ల దృష్టిలో ఇది వయసుతో వచ్చిన జబ్బు. కావచ్చు. కానీ ఎండుటాకుల పొగ ముక్కుకు తగలగానే నేను బాన్సువాడలో ఉండను. హైదరాబాదు పడమటి కొసన, మూసీ ఒడ్డున ఉన్న కార్వాన్‌లో, రోజూ పొద్దున్నే చింతాకు, వేపాకు ఊడ్చి అంటించే మా మేనత్త రాజవ్వ వాకిట్లో ఉంటాను. బస్సు కిరాయి లేకుండా ఇంత దూరం తీసుకుపోయే సౌకర్యాన్ని కిటికీ మూసి పోగొట్టుకోవడం ఎందుకు?

కార్వాన్ అప్పట్లో పేరుకు నగరం, తీరుకు తోట. గోల్కొండ రాజుల కాలంలో వజ్రాల వర్తకులు ఉన్న చోటని చెప్పేవారు. మేము అద్దెకున్నది అలాంటి వర్తకుడెవరో కట్టించిన పాత హవేలీలో వెనక భాగం. గోడలో రాతి పలక వెనక వజ్రాలు దాచుకునే గూడు ఒకటి ఉండేది. మేము అందులో ఉప్పు పెట్టుకున్నాం. చింతలు, వేపలు ఇళ్ళకంటే ముందే వచ్చి మంచి జాగాలన్నీ పట్టేసుకున్నాయి; మనుషులు మిగిలిన సందుల్లో సర్దుకున్నారు. పెరటి తలుపు తీస్తే నదిలోకి దిగే రాతిమెట్లు. వానాకాలం ఆ మెట్ల మీద మూసీ వచ్చి కూర్చునేది, మిగతా కాలమంతా రాజత్త కూర్చునేది.

రాజత్త మా నాన్నకు అక్క. పెళ్ళయి, మరాఠీ మాట్లాడే సరిహద్దు ఊరు డోంగ్లి పక్క పల్లెకు పోయింది. భర్త పోయాక, ఇంకా చిన్న వయసులోనే, బాన్సువాడలోని పుట్టింటికి తిరిగి వచ్చింది. అత్తవారింటి నుంచి ఆమె తెచ్చుకున్న ఆస్తి మరాఠీ భాష ఒక్కటే. నిజాంసాగర్ కాలువ వచ్చాక మా ఇంట్లో వడ్లు, చెరకు, చుట్టాలు అన్నీ పెరిగాయి. ఆమె చోటు మాత్రం పెరగలేదు. పొద్దున ఆమె ఎదురొస్తే బండి కట్టినవాళ్ళు ఆగి, ఇంట్లోకి పోయి కాసిన్ని నీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరేవారు. ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కాదు. మా ఊళ్ళో మర్యాదకు లోటు లేదు.

మా పెద్దన్నను హైదరాబాదులో చదివించాలని నాన్న నిశ్చయించినప్పుడు, వాడికి వండిపెట్టడానికి ఎవరు పోవాలన్న ప్రశ్న వచ్చింది. "నేను పోత" అంది రాజత్త, ఎవరూ అడగకముందే. ఒంటరి ఆడమనిషి ఊరు విడిచి నగరంలో ఉంటానంటే ఆ రోజుల్లో చెవులు కొరుక్కునేవారు. చదువుకునే పిల్లవాడికి వండిపెడుతుందంటే త్యాగమనేవారు. అత్త త్యాగం చేసింది. కార్వాన్‌లో ఆమె ఎదురొస్తే ఎవరూ ఆగేవారు కాదు. ఆగినా, "వంకాయలు ఎంతకిచ్చిండు అవ్వా?" అని అడగడానికే. ఇంటి యజమానురాలు జానకీబాయి మరాఠీ మనిషి. సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని వాళ్ళిద్దరూ మరాఠీలో లోకాన్ని చక్కబెట్టేవారు.

పెద్దన్న పరీక్షలన్నీ వరసగా పాసై ఆమెను ఇబ్బందిపెట్టాడు. అందుకని మా చిన్నాయన కొడుకు విఠల్‌ను పిలిపించుకుంది. విఠల్ దయగలవాడు, మెట్రిక్ తప్పుతూ వచ్చాడు. వాడు తప్పిన రోజున అత్త పాయసం వండిందని పెద్దన్న అంటాడు. నేను నమ్మను. పండగేదో కలిసివచ్చి ఉంటుంది. చివరికి ఆ విఠల్ కూడా పొరపాటున గట్టెక్కాడు. ఆ ఎండాకాలం నాన్న ఇల్లు ఖాళీ చేయించడానికి బయలుదేరాడు. పట్నం చూస్తానని ఏడిస్తే నన్నూ వెంట తీసుకుపోయాడు.

"ఇగ సామాను సర్దు అక్కా. విఠల్‌గాడు పాసాయె. ఉత్తగ కిరాయి ఎందుకు?" అన్నాడు నాన్న.

అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తకుండానే గడ్డంతో నన్ను చూపించింది. "సుగుణ ఉంది గద."

"సుగుణకేమైంది?"

"సదువాలె."

నాన్న నవ్వాడు. "ఆడపిల్లకు సదువేంది అక్కా?"

"మరి మగపిలగాండ్లు అయిపోయిరి. నన్నేం జేయమంటవ్?"

"గదంత కాదు. పెద్దోని పెండ్లి దగ్గరికొచ్చె. ఇంటికి పెద్దదానివి, నువ్వు లేకుంటె ఎట్ల?"

"పెండ్లికొస్త తమ్మీ. యాడ కూసుండాలెనో చెప్పు, గాడ కూసుంట."

నాన్న చాలాసేపు నది వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏందే, సదువుకుంటవా?" అన్నాడు.

"రోజు పోవాల్నా బడికి?" అన్నాను.

అత్త చాట దించకుండానే నాకు తొడపాశం పెట్టింది.

"పోత," అన్నాను. స్త్రీవిద్యపై నా అభిప్రాయం ఆ విధంగా ఏర్పడింది.

నాన్న ఒప్పుకున్నాడుగానీ ఒక మాట పెట్టాడు. "ఒక్కపాలి తప్పిందనుకో, ఇద్దరు ఇంటికే." విఠల్ తప్పితే ఇంకో ఏడాది దొరికేది, నేను తప్పితే ఆడవాళ్ళకు చదువు రాదని తేలిపోతుంది. ఈ తేడా నాకు అప్పుడు పట్టలేదు. బడికి పోయేదాన్ని, చెట్ల మీది చిలకల్ని చూసి వచ్చేదాన్ని. నిజాం కాలం, చదువంతా ఉర్దూలో. లెక్కలు నాకు ఏ భాషలోనూ రావు కాబట్టి అది పెద్ద అడ్డంకి కాలేదు.

పెద్దన్న పెళ్ళికి బాన్సువాడ వచ్చాం. ఇల్లంతా పసుపు, మామిడాకులు, అరుపులు. పెళ్ళికొడుకును బయలుదేరదీసే వేళకు అత్త కనిపించలేదు. వెతుక్కుంటూ పోతే, వెనక గదిలో వడ్ల గుమ్ముల చాటున కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. వాడు పరీక్షలు రాసిన ఏళ్ళన్నీ పొద్దున్నే లేచి వాడికి రొట్టెలు కాల్చిన మనిషి.

"ఈడెందుకు కూసున్నవ్ అత్తా?"

"గాలొస్తుందే," అంది.

ఆ గదికి కిటికీ లేదు. నేను దేనికైనా ఏదో ఒక వేళాకోళం ఆడగలనని ఇంట్లో పేరు. ఆ రోజు మాత్రం పక్కన కూర్చుని నేనూ వెల్లుల్లి ఒలిచాను. బయట మేళం వీధి దాటిపోయే దాకా ఇద్దరం ఒలుస్తూనే ఉన్నాం.

కార్వాన్ తిరిగి వచ్చాక చిలకల సంగతి చిలకలకే వదిలేశాను. అత్తకు చదవను రాదు, కానీ నేను గట్టిగా చదువుతూ ఎక్కడైనా ఆగితే పొయ్యి దగ్గర నుంచి, "ఆపినవేందే? అయిపోయిందా, నిద్రొచ్చిందా?" అని గొంతు వినిపించేది. లెక్కలు చెప్పడానికి అత్త, జానకీబాయి అల్లుణ్ణి పట్టుకొచ్చింది. ఆయన నాకు చెప్పినదానికంటే అత్త పెట్టిన జొన్నరొట్టెలు ఎక్కువ తిన్నాడని నా అంచనా. అయినా ఎంతో కొంత తలకెక్కింది.

మెట్రిక్ ఫలితాలు తెలిసిన రోజు నేను పరుగున వచ్చేసరికి అత్త మెట్ల మీద ఉంది. నా మొహం చూడకుండా నీళ్ళనే చూస్తోంది.

"పాసైన అత్తా."

ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "గీ పాసు తర్వాత ఇంకా ఎంత సదువుంటదే?"

"ఇంటరు ఉంది. దాని మీద బీఏ ఉంది."

"దాని మీద?"

"దాని మీద కూడా ఏదో ఉంటుంది."

"ఉండనీ," అని లేచి, "జానకీబాయీ!" అని వీధి వినేటట్టు కేకేసింది. మంచి మార్కులేమీ రాలేదని నేను చెప్పబోతే వినిపించుకోలేదు.

అలా నేను బీఏ దాకా చదివాను. మా ఇంటి చుట్టుపక్కల అంత చదివిన ఆడపిల్ల లేదని అందరూ నాన్నను మెచ్చుకున్నారు. ఆయన కాదనలేదు. చదువైపోగానే నిజామాబాదులో ఆడపిల్లల బడిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. ఉండటానికి గది, తినడానికి తిండి అక్కడే. "నాతో రా అత్తా," అన్నాను.

"గాడ నదుందా?"

"లేదు."

"చెట్లు?"

"ఉన్నయ్. ఇన్ని లేవు."

అత్త తల ఊపి పొయ్యి దగ్గరికి పోయింది.

నాన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి సామాను కట్టడానికి కొత్త తాళ్ళు కూడా తెచ్చుకున్నాడు. మెట్ల మీద కూర్చుని, మెత్తగానే అడిగాడు. "ఇగ ఎవరికి వండుతవ్ అక్కా?"

నేను గబగబా మనసులో చుట్టాల పిల్లలందరినీ తిరగేశాను. చదివే వయసువాళ్ళలో మిగిలింది ఒక్కడే. వాడింకా ఉయ్యాలలో ఉన్నాడు. అత్త కూడా వెతుకుతోందని ఆమె పెదాలు చూస్తే తెలిసింది. తర్వాత వెతకడం మానేసింది.

"నాకు," అంది.

"ఏంది?"

"నాకే వండుకుంట తమ్మీ. ఈడ ఉండబుద్ధయితుంది నాకు."

అన్నేళ్ళలో ఆమె తనకేం కావాలో చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. చెప్పేసి, తప్పు చేసినట్టు నాన్న మొహం చూసింది. నాన్న తాళ్ళ చుట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. ఊళ్ళో ఏమంటారో ఆయనకు తెలుసు. గుమ్ముల చాటున ఎవరు కూర్చున్నారో కూడా తెలుసు.

"ఇయ్యాల ఏం వండినవ్?" అన్నాడు చివరికి.

"పుంటికూర పప్పు."

"పెట్టు మరి."

తిని, చెయ్యి కడుక్కుని, సాయంత్రం రైలుకు ఒక్కడే పోయాడు. ఆ తాళ్ళతో అత్త పెరట్లో బట్టలారేసుకునే దండెం కట్టుకుంది. ఆ తర్వాత ఏటా కోతలు కాగానే నాన్న కాలువ కింద పండిన కొత్త బియ్యం బస్తా పంపేవాడు. ఎవరికని ఎవరైనా అడిగితే, "మా అక్కకు" అనేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు. అత్త చివరి దాకా అక్కడే ఉంది.

నాకు పెళ్ళయింది, పిల్లలు, మనవలు, ఎంతమందికో వండిపెట్టాను. వాళ్ళంతా ఏ పెళ్ళికో పోయి ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలిన పూట, "నీ ఒక్కదానికి ఏం పొయ్యి రాజేస్తవ్, ఇంత పెరుగన్నం తిని పడుకో" అంటారు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు. నేను వండుతాను. నాకిష్టమైన కూర, నాకు కావలసినంత కారం. కంచం పెట్టుకుని, పక్కన మంచినీళ్ళు పెట్టుకుని, చుట్టానికి వడ్డించినట్టు వడ్డించుకుంటాను. మొదట్లో కొంచెం మొహమాటంగా ఉండేది. ఇప్పుడు మారు కూడా వేసుకుంటున్నాను.