కంకర గుంతలో అత్త చీర

నేను మేడ్చల్ స్టేషన్ దగ్గర బట్టలు కుట్టేవాణ్ణి. యుద్ధం రోజులు. కొత్త బట్ట కంట్రోలు రేషన్లో తప్ప దొరికేది కాదు. పాత కోట్లు తిప్పి కుట్టడం, చిరిగిన ధోవతుల్లోంచి పిల్లలకు అంగీలు తీయడం, అదే నా పని. అప్పుడే నాకు పెళ్ళయింది. అత్తగారి ఊరు శామీర్‌పేట దాటి కీసరకు పోయే బాటలో ఉండేది. మేమూ వాళ్ళూ చర్చికి పోయేవాళ్ళమే. అయినా మా దిక్కు పాత పద్ధతులు ఎక్కడికీ పోలేదు. అత్త అల్లుడి ఎదుటికి వచ్చేది కాదు. నేను అరుగు మీద కూర్చుంటే ఆమె తలుపు వెనక ఉండేది. "అల్లునికి నీళ్ళు గావాల్నేమో అడుగు" అని బిడ్డతో అనేది. నా జవాబు కూడా బిడ్డ నోటితోనే పోయేది. పెళ్ళయి కొన్ని నెలలైనా ఆమె ముఖం నేను సరిగా చూడలేదు. గొంతు మాత్రం ఎరుగుదును.

వానలు తగ్గాక ఒకసారి భార్యతో కలిసి అక్కడికి పోయాను. మధ్యాహ్నం మా బామ్మర్ది, "బావా, కొర్రమట్ట చేపలు వడుతున్నయి, పోదాం పా" అన్నాడు. ఊరి అవతల కంకర గుంత ఉంది. రైలు కట్టకు రాయి కొట్టిన చోటు. పని ఎప్పుడో ఆగిపోయింది, ఊటా వాన నీళ్ళూ చేరి గుంత నిండింది. రాయి పైకి లాగిన బండ్ల దారి ఏటవాలుగా నీళ్ళలోకి దిగుతుంది. ఊరికి అదే రేవు. బట్టలు ఉతికేది, ఎడ్లను కడిగేది, తెప్ప దించేది అన్నీ అక్కడే. చెరువైతే మోకాలు, నడుము, మెడ అని ముందే చెప్పి లోతవుతుంది. ఆ గుంత చెప్పదు. బండ్ల దారి నీళ్ళలో కొంత దూరం పోయి ఒక్కసారిగా తెగిపోతుంది. ఆ అంచు దాటితే కింద నిలువునా కొట్టిన బండ. ఈ సంగతి నాకు తెలియదు. ఈత కూడా రాదు. ఆ మాట అత్తగారింట్లో ఎవరికీ చెప్పుకోలేదు.

మేము పోయేసరికి మా అత్త అక్కడ బొంతలు ఉతుకుతోంది. నన్ను చూసి కొంగు తల మీదికి లాక్కుని ఒక పెద్ద రాయి చాటుకు జరిగింది. బామ్మర్ది గ్యాసునూనె డబ్బాల మీద పలకలు కట్టి చేసిన తెప్పను నీళ్ళలోకి తోశాడు. నేను ఏటవాలు మీద నిలబడి గాలం వేశాను. రాయి చాటు నుంచి ఆమె కొడుకుతో ఏదో మెల్లగా అంది.

"ఏమంటాంది?" అని అడిగాను.

"ఏం లేదు బావా, పైలంగ ఉండుమంటాంది" అన్నాడు, గాలానికి ఎర్రను గుచ్చుతూ.

ఆమె అన్నది అది కాదని తర్వాత తెలిసింది. "గా అంచు దాటి కాలు వెట్టొద్దని మీ బావకు జెప్పు, అవతల కాలుకు బండ అందదు" అన్నదట. ఆ గుంతలో పని జరిగే రోజుల్లో ఆమె తట్టలో రాయి మోసింది. అంచు ఎక్కడుందో ఆమెకు తెలుసు. నాలుగడుగుల దూరంలో నేనున్నాను. నాతో నేరుగా చెప్పడానికి మాత్రం పద్ధతి ఒప్పుకోలేదు.

కాసేపటికి బామ్మర్ది తెప్పను ఒడ్డుకు తెచ్చి "ఎక్కు బావా, నడుమల పెద్దయి ఉంటయి" అన్నాడు. ఒక కాలు తెప్ప మీద పెట్టాను. రెండోది నాచు పట్టిన బండ మీద ఉంది. తెప్ప కదిలింది. కాళ్ళు రెండూ రెండు దిక్కులకు పోయాయి. తెప్ప ఒరిగి బామ్మర్ది కూడా పడ్డాడు. వాడు పలక పట్టుకుని వేలాడాడు, తెప్ప వాణ్ణి లాక్కుని లోపలికి పోయింది. నేను నాచు మీద జారి అంచు అవతలికి పోయాను, నిలబడదామని కాలు చాపాను. కింద ఏమీ లేదు. పైన ఎండకు వేడిగా ఉన్న నీళ్ళు కింద మంచులా ఉన్నాయి. రెండుసార్లు పైకి తేలాను. రెండోసారి ఆమె గొంతు వినిపించింది.

"పట్టుకో! చీర పట్టుకోరా!"

ముఖానికి తడి బట్ట తగిలింది. పిడికిలి బిగించాను. అంతే, ఇక వదల్లేదు.

బొంత విసిరితే బరువుకు మునిగిపోయేది. దగ్గర కట్టె లేదు. ఆమె కట్టుకున్న చీరే విప్పి విసిరింది. బండి చక్రాలు అరగదీసిన గాడిలో మడమలు తన్నిపెట్టి, నీళ్ళలో కూర్చుని నన్ను లాగింది. చీర రాయికి ఒరుసుకుని సగం దాకా చిరిగిందట. మిగిలిన సగం నన్ను మోసింది.

నేను ఒడ్డున బోర్లా పడి నీళ్ళు కక్కుతున్నాను. ఆమె మెడ దాకా నీళ్ళలోనే ఉంది.

"చీర ఇడువు" అంది.

నా వేళ్ళు రాలేదు. భయానికి బిగుసుకుపోయాయి. ఆమె మళ్ళీ అంది. మూడోసారి అనేటప్పుడు ఆమె గొంతులో ఏడుపు ఉంది. తెప్పను ఎలాగో ఒడ్డుకు చేర్చిన బామ్మర్ది, తల్లి వైపు చూడకుండా కళ్ళు దించుకుని వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. ఎడ్లను తోలుకుపోతున్న వాళ్ళు పైన గట్టు మీద నిలబడి చూస్తున్నారు.

మర్నాడు తెల్లవారకముందే నేను మేడ్చల్ దారి పట్టాను. ఎవరికీ చెప్పలేదు. కథ నా వెనకే వచ్చింది. దుకాణం ముందు కూర్చున్న వాళ్ళు "అత్త చీర వట్టుకొని బతికినోడు గీయినెనే" అని నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా రోజులు చెవిలో మోగింది. అత్తగారింటికి పోవడం మానేశాను. పండుగకు భార్య ఒక్కతే పోయి వచ్చింది. వచ్చేటప్పుడు ఆ చిరిగిన చీర తెచ్చి, "అమ్మకు వేరే మంచి చీర లేదు, జర జోడించి ఇయ్యి" అంది. నలుగురి ముందు ఆ చీరను మిషను మీద పెట్టడం నా వల్ల కాలేదు. పాత బట్టల కుప్ప కిందికి తోసేశాను. భార్య రెండుసార్లు అడిగి ఊరుకుంది.

ఏడాది తిరిగి సీతాఫలాల రోజులు వచ్చాయి. ఒక పొద్దున మా అత్త నెత్తిన గంపతో దుకాణం ముందుకు వచ్చి నిలబడింది. కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఇద్దరు లోపల ఉన్నారు. ఆమె గంప దించింది. తలుపు చాటు లేదు, బిడ్డ లేదు. నా ముఖంలోకి చూసింది.

"మా ఇంటికి ఎందుకొస్తలేవయ్యా?"

నేను కత్తెర కింద పెట్టాను.

"నువ్వు రాకుంటె ఊరోళ్ళు ఏమంటున్నరో ఎరుకేనా? అల్లుని ముందర చీర ఇప్పింది, గందుకే అల్లుడు దాని మొకం చూస్తలేడు అంటున్నరు. ప్రార్థనల నా పక్కకు ఎవ్వలు కూసుంటలేరు. నీళ్ళల్ల వోయేటోన్ని గుంజిన. తప్పు జేసిన్నా? నువ్వే జెప్పు."

"లేదత్తా" అన్నాను.

అప్పటిదాకా సిగ్గంతా నాదే అనుకున్నాను. నన్ను చూసి నవ్వారు, నా మగతనం పోయింది, అదే లెక్క. నేను ఒక్కణ్ణి దాక్కుంటే ఊళ్ళో ఆమె ఎలా తిరుగుతోందన్నది ఒక్క రోజు కూడా తట్టలేదు. నా ప్రాణం కోసం ఆమె మానం పక్కన పెడితే, నేను మొహం చాటేసి అది తప్పేనని ఊరికి రుజువు చేశాను. గుంతలో మునిగినప్పుడు కూడా నాకు అంతగా ఊపిరాడకుండా పోలేదు.

కుప్ప కిందినుంచి చీర తీశాను. కొలతలకు వచ్చినవాళ్ళను కూర్చోమని, వాళ్ళ ముందే మిషను తొక్కాను. తొందరలో కుట్టు వంకర పోయింది. ఆమె గడప మీద కూర్చుని చూసింది. వాళ్ళలో ఒకడు ఆ చీర సంగతి గుర్తుపట్టి నవ్వబోయాడు. "మా అత్త చీర. దీన్ని వట్టుకొనే బతికిన" అన్నాను. వాడు తల దించుకున్నాడు.

ఆ ఆదివారం భార్యను తీసుకుని అత్తగారి ఊరి ప్రార్థనకు పోయాను. ఆడవాళ్ళ వరుస దగ్గరికి పోయి అందరూ వినేట్టు "అత్తా, బాగున్నవా?" అని అడిగాను. ఆమె కొంగు సర్దుకుని "బాగున్న అయ్యా" అంది. అంతకన్నా మంచి మాట ఏదైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేకపోయాను, ఇప్పటికీ అది నన్ను పొడుస్తుంది.

ఎండాకాలం నీళ్ళు తగ్గి అంచు బయటపడ్డప్పుడు నేను, బామ్మర్ది, ఊరివాళ్ళు ఇంకొందరు కలిసి అంచు తెలిసేట్టు అక్కడ రాతి కడీలు, నిలువు స్తంభాలు, పాతాం. గట్టు మీద పెద్ద బండకు ఒక మోకు కట్టి ఉంచాం, ఎవరైనా పడితే విసరడానికి. నాచు గీకి, ఏటవాలు మీద మెట్లలా గంట్లు కొట్టాం. అత్త గట్టు మీద నిలబడి ఎక్కడ పాతాలో చెప్పింది. చివరి కడీ పట్టుకుని నేను అంచు దాకా పోయాను.

"ఇవతలికి రా! ఒక్కసారి మునిగినా బుద్ధి రాలేదా నీకు?" అని నలుగురి ముందు కేక వేసింది.

నేను వెనక్కి జరిగాను.